పూలమ్మ కుట్టని పుస్తకం

మట్టెవాడ, వరంగల్
14 జూన్ 1981

అరుణమ్మా,

నీ కట్ట నిన్న మధ్యాహ్నం చేరింది. పోస్ట్‌మన్ దాన్ని ప్రెస్సు మెట్టు మీద దించి, "పచ్చళ్లా సారూ?" అని అడిగాడు. బెజవాడ నుంచి బరువైనది ఏది వచ్చినా అతని లెక్కలో అది పచ్చడే. "కాదయ్యా, మా మేనకోడలు రాసిన నవల" అన్నాను. "అయితే కారం జర తక్కువుంటది" అని సైకిలెక్కి పోయాడు. ఇన్నేళ్లుగా మన 'చిలక్కొయ్య' మాసపత్రికలో పుస్తక సమీక్షలు రాస్తున్నాను గానీ, ఇంత కురచగా ఇంత నిండుగా ఎప్పుడూ రాయలేకపోయాను.

నాలుగు అధ్యాయాలూ కూర్చున్నచోటే చదివాను. మట్టెవాడ పిల్ల ఒకతి పత్రికలో నౌకరీ అని రైలెక్కి పోవడం, ఇక్కడ తల్లి ఊళ్లోవాళ్ల పుస్తకాలు కుడుతూ కూర్చోవడం. పేర్లు మార్చావు గానీ, ఆ తల్లి సూదిని జుట్టుకు రుద్దుకునే తీరు మార్చలేదు. నేను బడిలో చదివింది కొంచెం. మిగతాదంతా ఇతరుల ప్రూఫులు దిద్దుతూ నేర్చుకున్నదే. కాబట్టి నవల గొప్పదా కాదా అని తీర్పు చెప్పేవాణ్ణి కాను. చదువుతుంటే పక్కనున్న చాయ్ చల్లారింది. మొగిలి ఇంకోటి తెచ్చిపెట్టాడు. అదీ చల్లారింది.

దీన్ని బయట ఎవరికీ ఇవ్వకు. మన ప్రెస్సులోనే వేద్దాం. మీ అమ్మకు కూడా చెప్పాను. మీ నాన్న పోయినప్పటి నుంచి మా అక్క వెనక గదిలో అచ్చైన ఫారాలు మడుస్తూ, కుడుతూ ఉంది కదా. ఒక్క అక్షరం రాకపోయినా వరంగల్‌లో ఇన్ని పుస్తకాలు పట్టుకున్న మనిషి ఇంకొకరు ఉండరు. "అచ్చు తప్పులు మీరు జేసుకోండ్రి, మడత తప్పు నా కాడ రాదు" అని మమ్మల్ని దెప్పుతూనే ఉంటుంది. నీ పుస్తకం సంగతి చెప్పగానే మాత్రం చేతిలో పని ఆపింది. "తమ్మీ, గా పుస్తకం ఇంకోళ్లు ముట్టొద్దు. మడత నాదే, కుట్టు నాదే. జల్ది కానియ్యి" అన్నది. మా పూలమ్మక్క నోట తొందర అనే మాట నేను వినడం అదే మొదలు.

మన దగ్గర టైపు ఎంతుందో నీకు తెలుసు. పదహారు పేజీల ఫారం ఒకటి కూర్చి, అచ్చు వేసి, ఆ సీసపు అక్షరాలు విప్పి మళ్లీ అరల్లో పోస్తే తప్ప రెండో ఫారానికి అక్షరాలుండవు. కాబట్టి మెల్లగానే సాగుతుంది. మొగిలి రేపు కూర్పు మొదలుపెడతాడు. మిగతా అధ్యాయాలు పంపు.

నీ మామ,
సారంగపాణి


విజయవాడ
25 జూన్ 1981

మామా,

పోస్ట్‌మన్ విమర్శ మా ఆఫీసులో చెబితే అందరూ నవ్వారు. మా వారపత్రికలో సమీక్షలు రాసే ఆయన మాత్రం నవ్వలేదు.

నా పని ఏం చెప్పను. ప్రూఫులు దిద్దుతాను, పాఠకుల ఉత్తరాలు ఏరుతాను, అప్పుడప్పుడు ఒక చిన్న వ్యాసం రాయనిస్తారు. రాసింది పక్క బల్ల మీదికి పోయి తిరిగి వచ్చేసరికి అందులో నా వాక్యం ఒక్కటీ ఉండదు. "మీ వైపు మాట వినడానికి ముద్దుగా ఉంటుందమ్మా, చదవడానికే కష్టం" అంటారు. నవ్వి ఊరుకుంటాను. దసరా దాటాక పర్మినెంటు చేస్తామన్నారు. అందాకా సెలవు అడిగినా, ఎదురు మాట్లాడినా పని పోతుంది. నాకు ముందు చేరినామెకు అట్లాగే పోయింది.

మిగతా అధ్యాయాలు ఇప్పుడే పంపను, తిరగరాస్తున్నాను. మొదటి ఫారం అచ్చులో చూస్తే గానీ నాకు ధైర్యం రాదు. అది చేతికందిన రోజే మిగతాది పోస్టు చేస్తాను. ఆ పిల్ల చివరికి ఏమవుతుందో మాత్రం నన్ను అడగకు. నాకే తేలడం లేదు.

అమ్మను ఇతర పనులు కాస్త తగ్గించుకొమ్మను. ఉగాదికి చూసినప్పుడు చిక్కినట్టు కనిపించింది. నామీద కోపం తెచ్చుకుంటుంది. అయినా చెప్పు.

అరుణ


మట్టెవాడ
22 జూలై 1981

బిడ్డా,

ఈ కవరులో నీ మొదటి ఫారం ప్రూఫు ఉంది. మంచి కాగితం మీద, అంచులు వెడల్పుగా వదిలి తీయించాను. రచయితలకు అంచులు ముఖ్యం. సుబేదారిలో ఒక రిటైర్డ్ తహసీల్దారు గారున్నారు, పద్యాలు రాస్తారు. ఆయనకు ఇట్లాగే వెడల్పు అంచుల ప్రూఫు పంపితే, తప్పులు దిద్దడానికి బదులు అంచుల్లో కొత్త పద్యాలు రాసి పంపారు. అవి కూర్చి మళ్లీ పంపితే వాటి అంచుల్లో ఇంకొన్ని. చివరికి మా మిషన్ తిప్పే కట్టయ్య వచ్చి, "సారూ, ఈయనకు అంచు లేని కాగితం పంపుండ్రి, లేకుంటే ఈ జన్మల తెగది" అన్నాడు. ఆ పుస్తకం వచ్చింది. ఆయనే అన్నీ కొనుక్కున్నారు.

అందరికీ వేసినట్టే చివరి పేజీ కింద ఒక గీత వేయించాను. మొగిలి ఆ గీత వేస్తూ, "గిప్పుడు మన అరుణమ్మ గాదు, రచయిత్రి గారు" అన్నాడు. ప్రూఫు మడిచి కవర్లో పెట్టింది మీ అమ్మే. పెట్టే ముందు ఒక్కో పేజీ మీద చెయ్యి వేసి చూసింది. ఏం చూస్తున్నావక్కా అంటే, "సిరా ఆరిందా లేదా అని" అన్నది.

ఆమె కులాసా. పోయిన వారం ఇద్దరం హైదరాబాద్ పోయి వచ్చాం. మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం చూపించాను. బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోయింది. "గీ మాత్రం పనికి ఇంతమందా" అన్నది చుట్టూ ఉన్న జనాన్ని చూసి.

నిదానంగా చదువు. తొందర ఏమీ లేదు అని రాయబోయాను గానీ, మీ అమ్మ తొందర నీకు తెలుసు.

సారంగపాణి


విజయవాడ
6 ఆగస్టు 1981

మామా,

ప్రూఫు అందింది. కవరు తెరిచి మొదటి పేజీ చూశాను. చూడబుద్ధి కాలేదు. మళ్లీ మడిచి పెట్టెలో పెట్టేశాను. ఇక నీ ఇష్టం.

ఇక్కడ ప్రత్యేక సంచిక పని నెత్తి మీద ఉంది. ఈ నాలుగు ముక్కలూ అన్నం తింటూ రాస్తున్నాను, మరకలు కనిపిస్తే ఏమనుకోకు. అమ్మ గడియారం మాట చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆమె ఇంకేమేమి అన్నదో అన్నీ రాయి.

అరుణ


మట్టెవాడ
1 సెప్టెంబర్ 1981

అరుణా,

నీ ఉత్తరం అందింది. చూడబుద్ధి కానిదాన్ని చూడమని ఎవరినీ ఒత్తిడి చేయకూడదు. ఇంకో తీరుగా ప్రయత్నం చేస్తున్నాము. కొంచెం ఆగు.

మీ అమ్మ రోజూ "పోరి ఏమన్నది?" అని అడుగుతోంది. "చదువుతాంది" అని చెబుతున్నాను.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. వెనక గదిలో కురుస్తుంటే అక్కను ముందు గదిలోకి మార్చాము.

సారంగపాణి


విజయవాడ
14 సెప్టెంబర్ 1981

మామా,

నీ ఉత్తరంలో ఒక్క కథ కూడా లేదు. నీ చేతి నుంచి అట్లాంటి ఉత్తరం నాకెప్పుడూ రాలేదు. కోపమొచ్చిందని అర్థమైంది, ఎందుకో మాత్రం అర్థం కాలేదు.

'ఇంకో తీరుగా' అన్నావు. ఆ మాట పట్టుకొని రెండు రోజులు ఆలోచించాను. నా అధ్యాయాలు నీకు నచ్చలేదు. మన ఇంటి సంగతులు ఊరికి తెలుస్తాయని, మీ అక్క కుట్టుపని చేసి పిల్లను సాకిందని పుస్తకంలో ఉండటం నీకు చిన్నతనమని అనిపించి ఉంటుంది. అందుకే నువ్వు దాన్ని మారుస్తున్నావు. అవునా? ఇక్కడ పొద్దున లేస్తే నా వాక్యాలను ఎవరో ఒకరు దిద్దుతూనే ఉంటారు. ఈ ఒక్కటైనా నా మాటగా వస్తుందని నీకు పంపాను.

'చిలక్కొయ్య' ఆగస్టు సంచిక రాలేదు, సెప్టెంబరుదీ రాలేదు. అడిగితే ఏమనుకుంటావోనని ఊరుకున్నాను. నా పుస్తకం నీకు బరువైతే చెప్పెయ్యి మామా. ఇక్కడ ఒక ప్రచురణకర్త రాతప్రతి ఇవ్వమని అడుగుతున్నారు. వాళ్లకు ఇచ్చేస్తాను. నువ్వూ నేనూ ఎప్పటిలా ఉంటాము.

అరుణ


మట్టెవాడ
24 సెప్టెంబర్ 1981

అరుణా,

పుస్తకం నీది. ఎవరికి ఇవ్వాలనుకుంటే వాళ్లకు ఇవ్వు. నీ వాక్యంలో ఒక్క చుక్క కూడా నేను మార్చలేదు. మార్చేంత చదువు నాకు లేదు.

ఒక్క సంగతి. సద్దుల బతుకమ్మకు రా. తంగేడు ఈసారి ఖిలా వరంగల్ వైపు విరగబూసిందట, కట్టయ్య చెప్పాడు. మీ అమ్మ రమ్మనలేదు. నిజం చెప్పాలంటే రావద్దనే అన్నది. నేను పిలుస్తున్నాను. ఒక్క పూట కూర్చొని పోయినా సరే.

మామ


విజయవాడ
2 అక్టోబర్ 1981

మామా,

రావాలని నాకు మాత్రం లేదా. దసరా సంచిక ప్రెస్సుకు ఎక్కే వారం ఇది. ఇప్పుడు సెలవడిగితే ఇంతకాలం పడ్డదంతా పోతుంది. అమ్మే రావద్దన్నదంటే ఆమెకు నా నౌకరీ సంగతి నీకన్నా బాగా తెలుసు. దీపావళికి పర్మినెంటు కాగితం పట్టుకొని వస్తాను. అప్పుడు నువ్వు తిట్టాల్సినవన్నీ తిట్టు.

అమ్మకు ఒక మెత్తటి శాలువా కొన్నాను. పోస్టులో పంపను, నేనే తెస్తాను.

అరుణ


విజయవాడ
8 నవంబర్ 1981

మామా,

అమ్మ పెద్దకర్మ అయ్యేదాకా నీతో సరిగా మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏమంటానోనని భయపడ్డాను. ఇప్పుడు కాగితం మీద అంటున్నాను.

బయల్దేరే రోజు ప్రెస్సులోకి పోయాను. కూర్పు బండ మీద దారం కట్టిన సీసపు అక్షరాల పేజీలు రెండు వరుసలున్నాయి. ఎవరివి అని అడిగితే మొగిలి చెప్పాడు. "నీయేనమ్మా. పాత టైపుల ఒకసారి కూర్చినం. నీకు నచ్చలేదని సారు హైదరాబాద్‌ల కొత్త టైపు తెచ్చి మళ్ల కూర్పిచ్చిండు. ఏది ఒప్పుకుంటవో అని రెండూ విప్పకుండ నీ సంతకం కోసం ఆగినం. అక్షరాలన్నీ గా పేజీలల్లనే ఉండె, పత్రిక ఏ టైపుతోటి ఎయ్యాలె?" అన్నాడు.

నా సంతకమా మామా? నేను ఆ బండ పక్కనే పెరిగాను. బయటివాళ్ల ప్రూఫుకు సంతకం, ఇంటి పనికి నువ్వు తల ఊపితే మిషన్ తిరుగుతుంది. లక్ష్మీనారాయణ బావ పెండ్లి కార్డుకు ఎవరు సంతకం పెట్టారు? 'చిలక్కొయ్య'కు ఏ నెలైనా ఎవరు పెట్టారు? గీత వేయించానని నువ్వు రాస్తే, మొగిలి మాట చదివి అది పరాచికమనుకున్నాను. నాది ఇంటి పని కాదని నాకెవరు చెప్పారు?

చూడబుద్ధి కాలేదన్నది భయానికి. నా పేరు అచ్చులో చూడగానే కాగితం మడిచేశాను. నీ ఇష్టం అన్నానంటే నా తరఫున నువ్వే చూసి వేసెయ్యమని. ఇంకెవరికి అట్లా రాస్తాను.

అమ్మకు జబ్బని ఎందుకు చెప్పలేదు? ఒక్క కార్డు ముక్క రాస్తే సరిపోయేది. నౌకరీ పోతే పోయేది. పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి అమ్మ దగ్గర ఉండేదాన్ని. శాలువా ఇంకా మడత విప్పలేదు.

పేజీలు విప్పించు. ఇక కుట్టేదెవరు. అక్షరాలు అరల్లో పోయించి నీ పత్రిక నువ్వు వేసుకో. ఇక్కడి ప్రచురణకర్తకు కూడా ఇవ్వడం లేదని చెప్పేశాను.

అరుణ


మట్టెవాడ
20 నవంబర్ 1981

అరుణా,

నీ ఉత్తరం ప్రెస్సులో చదివి, ఇంటికి తెచ్చి మళ్లీ చదివాను. జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది.

నువ్వు చెప్పింది నిజమే, ఇంటి పనికి సంతకం లేదు. కానీ నీ కట్ట విప్పి చదివిన రోజు నుంచి నాకు నువ్వు ఇంటి పిల్లవు కావు. రచయితవు. మన దగ్గర రచయితను సంతకం పెట్టమని నోటితో అడగరు. గీత గీసి పంపి, వచ్చేదాకా చేతులు కట్టుకొని కూర్చుంటారు. తహసీల్దారు గారికి కూర్చున్నట్టే నీకూ కూర్చున్నాను. చూడబుద్ధి కాలేదని రాస్తే, అవును మరి, బెజవాడ అచ్చు చూసే కళ్లకు మన అరిగిన టైపు ఎట్లా ఆనుతుంది అనుకున్నాను. నీకు నచ్చని పేజీని నీ పేరు పెట్టి వేయలేకపోయాను. కొత్త టైపు కూర్పు ముగిసేలోగా పుస్తకం ఇంకొకరికి ఇస్తానని నీ ఉత్తరం వచ్చింది, ఆ ప్రూఫు పంపడానికి మొహం చెల్లలేదు. నువ్వేమో ఇంటి పిల్లగా నాకు అప్పగించి ఊరుకున్నావు. నీకు నేను మర్యాద చేశాను, నాకు నువ్వు మర్యాద చేశావు. ఆ మధ్యన మా అక్క పోయింది.

హైదరాబాద్ పోయింది గడియారం కోసం కాదు. పెద్ద దవాఖానకు. కడుపులో గడ్డ, కోసే దశ దాటిపోయిందన్నారు. గడియారం కూడా చూసింది, అది అబద్ధం కాదు. తిరుగు రైల్లో నా చెయ్యి తన తల మీద పెట్టుకున్నది. "దాని నౌకరి ఇంకా కచ్చానే. దసరా దాటనియ్యి. ముందుగాల చెప్పినవంటే నా పీనుగను ముట్టకు" అన్నది. దసరా దాటింది, నాలుగు రోజులకు ఆమె దాటింది. ఆ ఒట్టు మీరి నీకు కార్డు రాసి, రెండుసార్లు పోస్టు డబ్బా దాకా పోయి వెనక్కి వచ్చాను. వేసి ఉండాల్సింది. ఇప్పుడు ఎన్ని చెప్పినా ఏముంది.

నువ్వు చెప్పినట్టే పేజీలు విప్పాము. మొగిలి దారం కోయలేదు, ముడి విప్పి చుట్టి పెట్టుకున్నాడు. కొత్త అక్షరాలు పెండ్లి కార్డుల్లోకి పోయాయి. వెనక గదిలో కట్టమ్మ అని ఒకామెను పెట్టాము, మంచిదే పాపం, మడతలు వంకర వస్తున్నాయి. 'చిలక్కొయ్య' డిసెంబరు సంచిక వేస్తాను. అందులో ఏం రాయాలో ఇంకా తోచలేదు.

ఇంకొక్కటి నీకు చెప్పాలి. వచ్చినప్పుడు చెబుదామనుకున్నాను, నువ్వు నా ముఖం చూడలేదు.

దసరా ముందు వారం నుంచి అక్క లేవలేకపోయింది. ఒక మధ్యాహ్నం, "పుస్తకం కుట్టుడు ఇగ నా తోని కాదు, కనీసం సదివి ఇనిపియ్యి" అన్నది. నా దగ్గరున్న ప్రూఫు తీసి చదివాను. నువ్వు పంపిన నాలుగు అధ్యాయాలూ కలిపి ఆ పదహారు పేజీలే, ఎంతసేపు. తల్లి సూదిని జుట్టుకు రుద్దుకునే చోట, "ఓసి దీని కండ్లు వడ, గిది గూడ చూసిందా" అన్నది. ప్రూఫు అయిపోయింది. "తర్వాత?" అన్నది.

తర్వాతది నీ పెట్టెలో ఉంది. నా నోటికి అడ్డూ అదుపూ లేదని నీకు తెలుసు, చెప్పడం మొదలుపెట్టాను. ఆ పిల్లను బెజవాడలో దించాను. ఒక సంపాదకుణ్ణి పుట్టించి అతని మీసం ఆవకాయలో ముంచాను. అక్క నవ్వింది. నవ్వితే నొప్పి లేచేది, "నవ్విపియ్యకు తమ్మీ" అంటూనే మళ్లీ చెప్పమనేది. నీ పుస్తకమే చదువుతున్నట్టు కాగితాలు తిప్పుతూ చెప్పేవాణ్ణి. అవే పదహారు పేజీలు, కిందివి మీదికి, మీదివి కిందికి. రోజూ కొంత, ఆ పండుగంతా. నీ ఆఫీసు గురించి నాకేం తెలుసు, అంతా కల్పనే.

నువ్వు రాసిన అధ్యాయాల్లో ఆ పిల్ల ఇంటికి వస్తుందో రాదో నాకు తెలియదు. అడగను కూడా.

నేను చెప్పిన దాంట్లో వచ్చింది. దసరా మర్నాడు కథను అక్కడికి తెచ్చాను. రైలు దిగింది, స్టేషన్ బయట రిక్షా అతనితో బేరమాడింది, మన గల్లీలోకి వచ్చి చెప్పులు విడిచింది.

అక్క కళ్లు మూసుకొని వింటోంది. "అట్ల రాయది అది" అన్నది. "రానట్టే రాస్తది. నా బిడ్డ నాకెర్క లేదా. అయినా ఎప్పటిసందో అవే కాగితాలు తిప్పుతానవు తమ్మీ. పేజీలు నాకెర్క లేవా."

నేను కాగితాలు పక్కన పెట్టాను.

"బందు వెట్టకు" అన్నది. "వచ్చినంక ఏం జేసిందో చెప్పు."

చెప్పాను.

సారంగపాణి